కడిగిన గొంతు

రవళిక వ్యాసంలో నేను నలభై ఒక్క చోట్ల "అట" కొట్టేశాను. ఆ లెక్క నాకు బాగా గుర్తుంది. కొట్టేసిన ప్రతిదాని పక్కనా అంకె వేసి, చివర మొత్తం రాసి, "ఇది వ్యాసమా, పొద్దుపోని కబుర్లా?" అని ఎర్రసిరాతో ఒక వాక్యం కూడా తగిలించాను. ముప్పై ఏళ్లుగా పిల్లలకు వ్యాసం రాయడం నేర్పుతున్నదాన్ని. ఇందుమతి మేడం ఎర్రపెన్ను అంటే మా విశ్వవిద్యాలయంలో పిల్లలకు హడల్. ఆ హడల్ నాకు ముచ్చటగానే ఉండేదని ఒప్పుకోవాలి.

తాళ్లపల్లి రవళికది జనగామ దగ్గర ఒక చిన్న ఊరు. అమ్మానాన్నలు సూరత్‌లో బట్టల మిల్లులో పనిచేసేవాళ్లు. పిల్ల తాత దగ్గర పెరిగింది. తాత రాజలింగం తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. రవళిక భూగర్భజలాల మీద ఎమ్మెస్సీ ముగించి, పరిశోధన సీటు కోసం వ్యాసం సిద్ధం చేసుకుంటోంది. సీటు ఒక్కటే ఉంది. అది దక్కకపోతే తనూ సూరత్ పోయి దారం కండెలు మార్చుకోవాల్సిందేనని నవ్వుతూ చెప్పింది. నవ్వుతూ చెప్పింది కదా అని నేనూ తేలిగ్గా తీసుకున్నాను.

వ్యాసంలో విషయం గొప్పది. తాటిచెట్టులో కల్లు పారే తీరును బట్టి నేలలో నీళ్లు ఎప్పుడు దిగిపోతాయో రెండు నెలల ముందే చెప్పవచ్చని ఆ పిల్ల వాదన. కానీ రాసిన తీరు ఇదీ: "ఉత్తరం వైపు గెల ముందుగా వాడితే ఆ ఏడు బావులు మాఘంలోనే అడుగంటుతాయట. కల్లు లొట్టిలో నురుగు పలచబడితే వాగు పక్క చెలమలు ఇంకుతాయట." పేజీ పేజీకీ అట, అట, అట.

"నువ్వు చెబుతున్నావా, ఊళ్లో ఎవరో చెబుతున్నారా?" అని అడిగాను.

"తాత చెప్పిండు మేడం. నేను చూడలే. అందుకే అట అని పెట్టిన."

"శాస్త్ర వ్యాసంలో అట ఉండదమ్మా. తెలిస్తే తెలుసన్నట్టు రాయి. తెలియకపోతే వదిలెయ్."

"తీసేస్తే నేను చూసినట్టు అయితది గదా మేడం?"

"దాన్ని శైలి అంటారు. తీసెయ్."

ఆ పిల్ల మర్నాడు నలభై ఒక్కటీ తీసేసి శుభ్రంగా తిరగరాసి తెచ్చింది. "ఇప్పుడు చూడు, ఎంత ముద్దుగా ఉందో!" అని మెచ్చుకున్నాను కూడా.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఇంట్లో మూలరేఖ పుట్టింది.

మా ఆయన చక్రధర్ మెదడు మీద పరిశోధన చేస్తాడు. వ్యాసాల్లో దొంగతనాల గురించి ఏళ్ల తరబడి నేను ఇంటికొచ్చి మొత్తుకోవడమే ఆయన్ను ఈ పనిలోకి దింపింది. మాటకు మాట ఎత్తిరాస్తే కంప్యూటరు పట్టేస్తుంది. మాటలు మార్చి ఆలోచనను ఎత్తుకుపోతే పట్టేదెవరు? చక్రధర్ దానికొక దారి కనిపెట్టాడు. మనం ఎవరి దగ్గరో విన్నదాన్ని రాస్తున్నప్పుడు, మనకు తెలియకుండానే, ఆ మనిషి గొంతు మెదడులో వినికిడి చోట సన్నగా కదులుతుంది. చదివినదైతే చూపు చోట ఆ పేజీ కదులుతుంది. మన సొంతమైతే రెండూ కదలవు. తలకొక పట్టీ పెట్టుకుని పలక మీద రాస్తూ పోతే చాలు. వాక్యం మూలాన్ని బట్టి పక్కన గీత పడుతుంది, అదే మూలరేఖ. విన్నదానికి ఎరుపు, చదివినదానికి నీలం, సొంతానికి ఆకుపచ్చ.

మొదట నామీదే పరీక్ష చేశాడు. భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టి, పట్టీ పెట్టి, "సర్వపిండి ఎట్ల చేస్తవో రాయి" అన్నాడు. ముప్పై ఏళ్లుగా చేస్తున్న వంట కదా, గబగబా రాశాను. "పల్లీలను కచ్చాపచ్చాగా దంచి వేయాలి" అన్న వాక్యం దగ్గర ఎర్రగీత పడింది.

"అది నా సొంతమే!" అన్నాను రోషంగా.

"కాదు. ఎవరో చెప్పిండ్రు. ఆగి విను."

ఆగి విన్నాను. నిజంగానే ఒక గొంతు, కాస్త జీరతో, "మరీ మెత్తగ దంచకు పిల్లా" అంది. మా అత్తగారు. చక్రధర్ వాళ్లమ్మ. ఆవిడ పోయి పన్నెండేళ్లయింది. చెప్పగానే ఆయన కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. తర్వాత ఇద్దరం కలిసి సర్వపిండి చేసుకుని తిన్నాం. ఆ పట్టీ మా ఇంట్లోకి తెచ్చిన సంతోషం అంతా ఆ ఒక్క రోజుదే.

విశ్వవిద్యాలయం మూలరేఖను పరీక్షల్లో పెట్టాలనుకుంది. నియమాలు తయారుచేసే పని నాకు అప్పగించారు. నేను మహా ఉత్సాహంగా ఒక పత్రం తయారుచేశాను. ఎరుపు, నీలం పడ్డ ప్రతి వాక్యానికీ నాలుగు గళ్లు నింపాలి. రచయిత, పుస్తకం, సంవత్సరం, పుట. నాలుగూ నిండకపోతే ఆ వాక్యం దొంగిలించిన దాని కిందే లెక్క.

"మరి విన్నవాటి సంగతేంది ఇందూ? పుట యాడికెంచి తెస్తరు?" అని చక్రధర్ ఒకసారి అడిగాడు.

"విన్నది ఎక్కడో అచ్చయ్యే ఉంటుందండీ. వెతుక్కోమనండి. అదే కదా చదువంటే" అన్నాను.

ఆ జవాబు చెప్పడానికి నేను క్షణం కూడా ఆలోచించలేదు.

సీటు కోసం వ్యాసం రాసే రోజు వచ్చింది. పదకొండు మంది పిల్లలు పట్టీలు పెట్టుకుని కూర్చున్నారు. రవళిక పలక మీద మొదటి పేజీ ఎర్రగా నిండింది. రెండోదీ అంతే. ఆరు పేజీలకు ఆరు పేజీలు ఎరుపే, చివర పది పన్నెండు ఆకుపచ్చ వాక్యాలు తప్ప. గళ్లలో "మా తాత రాజలింగం" అని రాసింది. పుస్తకం గడి ఖాళీగా ఉంది కాబట్టి యంత్రం తీసుకోలేదు. మళ్లీ రాసింది. మళ్లీ తోసేసింది. ఆఖరికి గంట కొట్టేసరికి గళ్లన్నీ ఖాళీగా ఉండిపోయాయి.

వారం తిరక్కుండా విచారణ పెట్టారు. ముగ్గురు సభ్యుల్లో నేనొకదాన్ని. అధ్యక్షుడు మంచివాడే, గొంతు పెంచకుండానే అడిగాడు.

"ఈ ఆలోచనలు నీవేనా అమ్మా?"

"కావు సార్."

"మరి ఎవరివో చెప్పకుండా నీవే అయినట్టు ఎందుకు రాశావు?"

రవళిక నావైపు చూసింది. ఒళ్లో పెట్టుకున్న సంచిలోంచి నా ఎర్రసిరా పడ్డ పాత ప్రతి అంచు బయటికి కనిపిస్తోంది. తీసి బల్ల మీద పెడితే సరిపోయేది. తీయలేదు. నేనే చెబుతానని ఎదురుచూసింది. ఆ చూపులో కోపం కూడా లేదు.

అప్పుడు తట్టింది నాకు. ఎదుటివాడి మాటను ఎదుటివాడిదేనని ఒప్పుకోవడానికి మన భాషలో ఉన్న అతి చిన్న మాట అట. ఆ పిల్ల నలభై ఒక్కసార్లు ఒప్పుకుంది. నలభై ఒక్కసార్లూ నేను కొట్టేశాను. నోరు తెరిచి ఆ మాట చెప్పాలి. కానీ వచ్చే సోమవారం మరో అయిదు విశ్వవిద్యాలయాలు మూలరేఖను తీసుకోబోతున్నాయి. చక్రధర్ తొమ్మిదేళ్ల కష్టం. నియమాల్లోనే తప్పుందని నియమాలు రాసిన మనిషే చెబితే? సోమవారం కానీ, తర్వాత చెబుదాం, సర్దుదాం అనుకున్నాను. ముందున్న మంచినీళ్ల గ్లాసును చూస్తూ కూర్చున్నాను.

రవళిక ఆ ప్రతిని సంచిలోకి తోసి, "నాదే తప్పు సార్" అంది.

సీటు పోయింది. రెండేళ్ల దాకా ఏ సీటుకూ దరఖాస్తు చేయకూడదన్నారు. రికార్డులో "దొంగ రచన" అని రాశారు. ఆ కాగితం మీద మూడో సంతకం నాది.

బయటికొస్తే వరండాలో రాజలింగం నిలబడి ఉన్నాడు. మనవరాలి తరఫున మాట్లాడతానని పొద్దున్నే బస్సెక్కి వచ్చాడు. అచ్చయిన ఆధారాలే చూస్తాం అని లోపలికి రానివ్వలేదు. గుమస్తా మాత్రం జాలిపడి, ఆయన చెప్పింది ఒక కాగితం మీద రాసుకుని నివేదికకు జతచేశాడు. నన్ను చూడగానే ముసలాయన భుజం మీది తువ్వాలు తీసి దగ్గరికొచ్చి మాట్లాడడం మొదలుపెట్టాడు. చెట్ల గురించి, వాళ్ల నాయన గురించి, పిల్ల గురించి. పది నిమిషాలు మాట్లాడి ఉంటాడు. మధ్యలో చక్రధర్ ఫోను వచ్చింది. నేను ఒక చెవిన ఫోను పెట్టుకుని, ఆయనకు తల ఊపుతూ, "చూద్దాం లెండి" అని చెప్పి మెట్లు దిగిపోయాను.

సోమవారం వచ్చింది, పోయింది. నేను చెప్పలేదు. ఇంకో సోమవారం, ఇంకో నెల. చెప్పకపోవడం అలవాటైతే దానికి రోజూ కొత్త సాకు దొరుకుతుంది.

ఏడాది గడిచేసరికి చక్రధర్ సంబరపడుతూ ఒక పటం చూపించాడు. అన్ని విశ్వవిద్యాలయాల్లోనూ ఎర్రగీతలు సగానికి సగం తగ్గిపోయాయి. పిల్లలు సొంతంగా ఆలోచించడం నేర్చారని పేపర్లు రాశాయి. నాకు మాత్రం నమ్మకం కుదరలేదు. ముప్పై ఏళ్లలో అలాంటి పిల్లల్ని నేను ఎప్పుడూ చూడలేదు.

సంగతి ఒక మధ్యాహ్నం క్లాసులో బయటపడింది. వెనక బెంచీలో ఒకమ్మాయి నోటుబుక్కు నిండా ఒకే వాక్యం రాసుకుంటోంది. పెదాలు కూడా కదుపుతోంది.

"ఏమిటిది? ఎవరైనా శిక్ష వేశారా?"

"కాదు మేడం, కడుగుతున్న."

"ఏం కడుగుతున్నావు?"

"గొంతు మేడం. ఈ ముచ్చట మా పెద్దమ్మ చెప్పింది. గట్లనే రాస్తే ఎర్రగీత పడ్తది. మన గొంతుతోని రెండొందలసార్లు అనుకుంట రాస్తే పెద్దమ్మ గొంతు పోతది. ఇగ పచ్చగీతే." ఆ పిల్ల నా ముఖం చూసి భయపడి, "హాస్టల్ల అందరం కడుగుతం మేడం" అని చేర్చింది.

ఇంటికెళ్లి చెబితే చక్రధర్ ముఖం పాలిపోయింది. నెల రోజులు ప్రయోగశాలలోంచి బయటికి రాలేదు. తర్వాత ఒక సాయంత్రం వచ్చి, "ఒక జ్ఞాపకం మీద ఇంకో గొంతు ఎక్కితే కింది గొంతు మళ్ల రాదు ఇందూ. తుడిచేసినట్టే" అన్నాడు. మళ్లీ తనే, "మా అమ్మ చెప్పిన మాట మీద నేనే చేసి చూద్దునా? రుజువు కావాలె గదా" అన్నాడు.

"వద్దండీ" అన్నాను. "ఆ ఒక్కటీ చేయకండి." ఆ మాటంటూ ఏడ్చాను. నాకు మొదట కళ్లముందుకొచ్చింది అత్తగారు కాదు, విచారణ గదిలో నావైపు చూసిన పిల్ల.

ఆ వారమే నలభై ఒక్క అటల సంగతంతా పూసగుచ్చినట్టు రాసి అధికారులకు పంపాను. కమిటీలు, వాయిదాలు, మళ్లీ కమిటీలు. ఇంకో పది నెలలు పట్టింది. చివరికి పత్రంలో అయిదో గడి చేరింది. "ఎవరి నోట విన్నారు?" ఆ గడిలో పేరు రాస్తే చాలు, పుస్తకం అక్కర్లేదు. రవళికకు మళ్లీ వ్యాసం రాసే అవకాశం ఇచ్చారు. అది సరిగా రాస్తే రికార్డులో మచ్చ పోతుంది, ఆ ఏటి సీటూ ఆమెదే. నాకు రిటైర్మెంటు దగ్గరపడింది. ఈ ఒక్క పని చక్కబడితే చాలనుకున్నాను.

రవళిక సూరత్ నుంచి వచ్చింది. చిక్కిపోయింది. చేతివేళ్ల మీద దారం కోసిన గీతలున్నాయి. ప్రయోగశాలలో నేనూ, చక్రధరూ, ఆమే ఉన్నాం.

"తాతగారు ఎలా ఉన్నారమ్మా? ఆయన పేరు ఈసారి యంత్రం తోసెయ్యదు" అన్నాను, శుభవార్త మోసుకొచ్చిన దానిలా.

"తాత లేడు మేడం. పోయిన చలికాలంల చెట్టు మీదికెంచి పడ్డడట. నేను మిల్లుల ఉన్న. వచ్చేసరికి అయిపోయింది."

చక్రధర్ పట్టీ తెచ్చి ఆమె తలకు పెట్టాడు. రవళిక రాయడం మొదలుపెట్టింది. ఉత్తరం వైపు గెల ముందుగా వాడితే. లొట్టిలో నురుగు పలచబడితే. ఒక్కో వాక్యం పక్కన గీత పడుతోంది. మొదటిది ఆకుపచ్చ. రెండోదీ ఆకుపచ్చ. యంత్రం సరిగా లేదేమోనని చక్రధర్ తీగలు సరిచూశాడు. మూడో పేజీ అయ్యేసరికి ఆయన చూడడం మానేశాడు.

రవళిక పెన్ను కింద పెట్టింది. "కడిగిన మేడం" అంది.

నేను ఆమె పక్కన కూర్చున్నాను.

"హాస్టల్ దోస్తులు ఫోన్ల చెప్పిండ్రు. రెండేండ్లయినంక మళ్ల రాస్తే మళ్ల ఎర్రగీత పడ్తదని భయం. మిల్లుల కండెలు మార్చుకుంట తాత మాటలు ఒక్కొక్కటే నా గొంతుతోని అనుకున్న. వందలసార్లు. ఫోన్ల నా గొంతే రికార్డు పెట్టుకొని పండుకునేటప్పుడు విన్న. అన్ని కడిగిన. తాత పోయినంక వెతుక్కున్న మేడం. మాటలన్నీ ఉన్నయ్. అన్ని నేను చెప్పినట్టే ఉన్నయ్." ఆమె ఏడవడం లేదు. అది చూసి నాకు ఇంకా భయం వేసింది. "ఫోన్ల ఆయనది ఒక్కటే ముక్క ఉన్నది. బస్సెక్కినవా బిడ్డా అంటడు. వింటే ఎవరో పరాయిమనిషి అడిగినట్టున్నది."

చక్రధర్ కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

రవళిక మళ్లీ పలక అందుకుంది. ఆకుపచ్చ గీతలే కదా, గళ్లు నింపే పనే లేదు. అయినా ప్రతి వాక్యం పక్కనా అయిదో గడి తెరిచి "తాళ్లపల్లి రాజలింగం" అని రాసుకుంటూ పోయింది. చివర వ్యాసం పంపబోతే తెర మీద అక్షరాలు వచ్చాయి: "ఈ వాక్యాలు రచయిత సొంతం. అనవసరమైన పేర్లు తొలగించండి."

"కొట్టెయ్యాల్నా మేడం?" అని అడిగింది.

"వద్దు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఒక్కటి కూడా కొట్టకు."

యంత్రం తీసుకోనన్న వ్యాసాన్ని కాగితాల మీద అచ్చు తీయించి, ఈ మాటలు రాజలింగంవేననీ, ఈ అమ్మాయి మొదటి నుంచీ ఆ సంగతి చెబుతూనే ఉందనీ, దాన్ని చెరిపింది నేనేననీ కింద రాసి సంతకం పెట్టాను. అధికారులు నసిగారు గానీ ఒప్పుకున్నారు. మచ్చ పోయింది. సీటు వచ్చింది. ఆ కబురు చెప్పడానికి పిలిస్తే ప్రయోగశాలకే వచ్చింది రవళిక. కాగితం చదువుకుని, మడిచి సంచిలో పెట్టుకుని, వెళ్లకుండా నిలబడింది.

"మేడం, ఒక్కటడగనా? ఆనాడు వరండాల మా తాత మీతోని మస్తుసేపు మాట్లాడిండు గదా. ఎట్ల మాట్లాడెటోడో ఒక్కసారి చెప్తరా?"

"గుర్తులేకపోవడమేమిటమ్మా!" అన్నాను ఆత్రంగా. ఇన్నాళ్లకు ఆ పిల్లకు ఇవ్వడానికి నా దగ్గర ఒకటి ఉందనిపించింది. "'పిల్లకు చెప్పింది నేనే, నాకు మా నాయిన చెప్పిండు, ఇందుల దొంగతనమేమున్నది' అన్నారు. అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది."

రవళిక కళ్లు మెరిశాయి. బల్ల మీది పట్టీ తీసి తనే నా తలకు పెట్టింది. "రాయండి మేడం. మీకు వినపడ్తది గదా. ఎట్లున్నదో చెప్పండి. సన్నగనా, బొంగురుగనా?"

పలక మీద ఆ వాక్యం రాశాను. రాసి, కళ్లు మూసుకుని, వినడానికి ప్రయత్నించాను. తువ్వాలు గుర్తొచ్చింది. మెట్లు గుర్తొచ్చాయి. ఫోనులో చక్రధర్ అన్న మాటలు కూడా గుర్తొచ్చాయి. కళ్లు తెరిచేసరికి వాక్యం పక్కన గీత పడి ఉంది, నీలంగా. గుమస్తా రాసి నివేదికకు జతచేసిన కాగితంలో నేను చదివిన వాక్యం అది.

రవళిక ఆ గీతను కొంచెంసేపు చూసింది. పట్టీ నా తల మీంచి మెల్లగా తీసి, తీగ చుట్టి, బల్ల మీద పెట్టి, తన సంచి తీసుకుంది.